సుత్తి ఎత్తకుండా బేరింగ్ దించడం: హౌసింగ్‌కి వేడి, బేరింగ్‌కి చలి

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు రైస్‌మిల్లుల్లో, క్రషర్ల దగ్గర, మోటారు రివైండింగ్ షాపుల్లో బేరింగ్ ఎక్కించడమంటే చాలాసార్లు పాత రేసుని (బేరింగ్ రింగుని) అడ్డం పెట్టి సుత్తితో దింపడమే. అలా దిగిన బేరింగ్ కూడా తిరుగుతుంది, ఆ పూట ఎవరికీ తేడా తెలియదు. కానీ దెబ్బ లోపలి రేసు మీద పడితే ఆ బలమంతా బాల్స్ మీదుగా బయటి రేసుకి పోతుంది, ట్రాక్‌లో బాల్‌కొక సొట్ట పడుతుంది. కొన్నాళ్లకి గరగరమని మోత మొదలైతే ‘డూప్లికేట్ సరుకు ఇచ్చాడు’ అని షాపువాణ్ణి తిట్టుకుంటాం.

వేడి, చలి పద్ధతికి ఖరీదైన సామాను అక్కర్లేదు. కావలసింది కొలత, ఓ చిన్న లెక్క. లెక్క సరిగ్గా ఉంటే బేరింగ్ తన బరువుకి తానే దిగుతుంది. దిగలేదంటే సైజైనా తప్పు, వేడైనా చాలలేదు. రెండిటికీ సుత్తి మందు కాదు.

ముందు తేల్చుకోవాల్సింది: హౌసింగ్‌లో టైటు కావాలా?

ప్రతి బేరింగూ హౌసింగ్‌లో, అంటే తను కూర్చునే గూడులో, బిగుసుకుని కూర్చోవాలన్న రూలు లేదు. ఏ రేసు తిరుగుతుందో, బరువు ఎటు లాగుతుందో చూడాలి. మామూలు ఎలక్ట్రిక్ మోటారులో షాఫ్ట్ తిరుగుతుంది, కవరు కదలదు. అక్కడ లోపలి రేసు షాఫ్ట్ మీద టైటుగా ఉండాలి, బయటి రేసు కవరులో చేత్తో నెడితే జరిగేలా ఉండాలి. అంటే బోరు (హౌసింగ్‌లోని గుండ్రటి రంధ్రం) హెచ్7 లేదా జే7. ఇవి బోరు ఎంత వదులో, ఎంత టైటో చెప్పే ఫిట్ కోడులు. నడుస్తున్నప్పుడు షాఫ్ట్ వేడెక్కి పొడుగవుతుంది కాబట్టి ఒక చివర బేరింగ్ జరగడానికి దారి ఉండాలి. ఆ కవరుని వేడి చేసి టైటుగా దించితే షాఫ్ట్ సాగడానికి చోటుండదు. రెండు బేరింగులూ ఒకదాన్నొకటి తోసుకుని కాలిపోతాయి.

షాఫ్ట్ కదలకుండా హౌసింగే తిరిగే చోట్ల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. కన్వేయర్ ఐడ్లర్ పుల్లీ, ట్రాలీ చక్రం హబ్బు, బెల్ట్ టెన్షన్ పుల్లీ ఇలాంటివి. వీటిలో బయటి రేసు టైటుగా లేకపోతే బోరులో పాకుతూ తిరిగి బోరునే తినేస్తుంది. వీటికి ఎన్7, భారీ లోడుకి పీ7. అల్యూమినియం గేరుబాక్సులు, ఇంజిన్ కేసులు మూడో రకం. చల్లగా ఉన్నప్పుడు టైటుగా ఉన్నది నడిచి వేడెక్కితే వదులవుతుంది, దాని లెక్క కింద ఉంది. ఈ గైడ్ ఈ రెండు రకాల కోసమే.

కొలత

బేరింగ్ బయటి వ్యాసానికి మైక్రోమీటర్, బోరుకి డయల్ బోర్ గేజ్. వెర్నియర్‌తో ఈ పని కాదు. అది మహా అయితే 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) దాకా చూపిస్తుంది, మనకి కావలసిన తేడా మొత్తం అంతే. బోర్ గేజ్ లేకపోతే టెలిస్కోపిక్ గేజ్ పెట్టి మైక్రోమీటర్ మీద చదవండి, మూడుసార్లు తీసి మూడూ కలిస్తేనే నమ్మండి.

బోరుని పైన, మధ్యలో, అడుగున మూడు లోతుల్లో, ఒక్కో లోతులో ఒకదానికొకటి అడ్డంగా రెండు దిక్కుల్లో కొలవాలి. పాత బోరు మూతి దగ్గర పెద్దగా, లోపల చిన్నగా అరిగి ఉంటుంది. ఒక్కచోట కొలిచి సరే అనుకుంటే అక్కడే మోసం.

హౌసింగూ బేరింగూ ఒకే వేడిలో ఉన్నప్పుడే కొలవండి. మే నెలలో రేకుల షెడ్డు కింద లేత్ నుంచి అప్పుడే దించిన అల్యూమినియం కవరు, ఫ్యాను కింద ఉన్న బేరింగ్ కంటే 10 డిగ్రీలు వేడిగా ఉంటే, 52 మి.మీ. బోరు ఉన్నదాని కంటే 12 మైక్రాన్లు పెద్దగా కనిపిస్తుంది. రెండిటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన గంటసేపు వదిలేసి కొలిస్తే ఈ గొడవ ఉండదు.

లెక్క

ఒక్కో డిగ్రీకి, ఒక్కో మిల్లీమీటరు వ్యాసానికి అల్యూమినియం సుమారు 0.023 మైక్రాన్లు సాగుతుంది. పోత ఇనుము 0.0105, బేరింగ్ స్టీలు 0.012. వ్యాసాన్ని, డిగ్రీల తేడాని, ఈ అంకెని గుణిస్తే మైక్రాన్లు వస్తాయి.

అల్యూమినియం కేసులో 6205 నంబరు బేరింగ్ తీసుకోండి. బేరింగ్ బయటి వ్యాసం 52 మి.మీ., దాని టాలరెన్సు సున్నా నుంచి మైనస్ 13 మైక్రాన్లు. ఎన్7 బోరు 51.961 నుంచి 51.991 దాకా ఉండొచ్చు. చిన్న బోరూ పెద్ద బేరింగూ కలిస్తే టైటు 39 మైక్రాన్లు. షెడ్డులో 30 డిగ్రీలుంటే, కేసుని 110కి తెస్తే 80 డిగ్రీల తేడా. 52 × 80 × 0.023 అంటే 96 మైక్రాన్లు తెరుచుకుంటుంది. బేరింగ్‌ని డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18కి తెస్తే తేడా 48 డిగ్రీలు, బేరింగ్ 30 మైక్రాన్లు ముడుచుకుంటుంది. మొత్తం 126. అందులో 39 పోతే 87 మైక్రాన్ల సందు మిగులుతుంది. ఈ సైజుకి 50 మిగిలినా పని నడుస్తుంది కాబట్టి అవసరమైతే ఫ్రీజర్ లేకుండా వేడితోనే కానివ్వొచ్చు.

పోత ఇనుప పుల్లీలో 6308 అయితే ఆ ధీమా ఉండదు. వ్యాసం 90, ఎన్7లో గరిష్ఠ టైటు 45 మైక్రాన్లు. 80 డిగ్రీలకి పోత ఇనుము 76 మైక్రాన్లే తెరుచుకుంటుంది, 45 పోతే 31 మిగులుతుంది. అంత పెద్ద బేరింగ్ 31 మైక్రాన్ల సందులో కాస్త వంకరగా పడ్డా పట్టేస్తుంది. ఫ్రీజర్ చలితో ఇంకో 52 కలిస్తే 83 అవుతుంది, అప్పుడు హాయిగా దిగుతుంది. అల్యూమినియానికి వేడే చాలు, పోత ఇనుముకి వేడీ చలీ రెండూ కావాలి అన్నమాట.

అల్యూమినియంలో ఇంకో లెక్క కూడా వేయాలి. గేరుబాక్సు నడుస్తూ 80 డిగ్రీలకి చేరిందనుకోండి. బేరింగూ కేసూ రెండూ 50 డిగ్రీలు వేడెక్కాయి, కానీ కేసు ఎక్కువ సాగింది. 52 × 50 × 0.011 అంటే 29 మైక్రాన్ల టైటు ఎగిరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు 15 మైక్రాన్ల టైటుతో దింపిన బేరింగ్ నడిచేటప్పుడు బోరులో వదులుగా ఉన్నట్టే. అందుకే అల్యూమినియం బోరుని పోత ఇనుప బోరు కంటే టైటుగా తీస్తారు, పైగా సర్‌క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగు) గానీ ప్లేటు గానీ పెట్టి బిగిస్తారు.

టైటు పెరిగేకొద్దీ బయటి రేసు ముడుచుకుని బాల్స్ దగ్గర ఉండే సందు తగ్గుతుంది. మామూలు 6205లో ఆ సందు 5 నుంచి 20 మైక్రాన్లే, ఎక్కువ సందుతో వచ్చే సీ3 రకంలో 13 నుంచి 28. టైటు 30 మైక్రాన్లు దాటితే మామూలు బేరింగ్‌లో సందంతా అయిపోయి బిగుసుకుపోవచ్చు. కొనేటప్పుడే సీ3 అడగండి. రాయగడలో లేకపోతే విజయనగరం నుంచో విశాఖ నుంచో తెప్పించుకోవాలి, దానికి ఒకరోజు ఆగినా నష్టం లేదు.

బోరు తయారీ

కొత్తగా బోరు తీస్తుంటే ఆఖరి కట్‌కి ముందు పని ముక్కని చల్లారనివ్వండి. ఫినిషింగ్ కట్ వ్యాసం మీద 0.1 నుంచి 0.2 మి.మీ., ఫీడు ఒక చుట్టుకి 0.05 నుంచి 0.08. అల్యూమినియానికి కిరోసిన్ తడి, పోత ఇనుముకి పొడిగానే. పలచటి కవరుని మూడు దవడల చక్‌లో గట్టిగా బిగిస్తే బోరు చక్‌లో గుండ్రంగా ఉండి, విప్పాక మూడు మూలల ఆకారానికి వస్తుంది. ఫేస్‌ప్లేటు మీద క్లాంపులతో పట్టడం మేలు.

నునుపు కూడా ముఖ్యమే. గరుకు బోరులో మనం కొలిచేది గరుకు కొనల మీద. బేరింగ్ కూర్చున్నాక ఆ కొనలు అణిగిపోతాయి, వాటితో పాటు టైటూ పోతుంది. మూతి దగ్గర 1 నుంచి 1.5 మి.మీ. చాంఫర్ (వాలు అంచు) తప్పనిసరి. అడుగున ఆనుడు గట్టు మూలలో మిగిలిన గుండ్రం, బేరింగ్ అంచు గుండ్రం కంటే చిన్నదిగా ఉండాలి. లేకపోతే బేరింగ్ గట్టుకి ఆనకుండా ఆ గుండ్రం మీదే నిలబడిపోతుంది. ఇది పైకి కనిపించదు.

వేడి చెయ్యడం

ముందు ఆయిల్ సీల్, ఓ-రింగ్, ప్లాస్టిక్ ముక్కలు ఏవి ఉన్నా తీసెయ్యండి. గ్రీజు, పాత ఆయిల్ పూర్తిగా కడిగి ఆరబెట్టండి. ఓవెన్‌లో పొగ వచ్చిందంటే కడగడం సరిగ్గా కాలేదన్నమాట.

అన్నిటికంటే మంచిది ఎలక్ట్రిక్ ఓవెన్. చిన్న కవర్లకి ఇంట్లో కేకులు చేసే ఓటీజీ చాలు, కానీ ఒకసారి పనికి వాడాక దాన్ని మళ్లీ వంటకి పెట్టకండి. 110 డిగ్రీలకి పెట్టి, గోడ మందం అంగుళం ఉంటే గంటసేపు ఉంచండి. పైన వేడెక్కింది చాలదు, లోపలిదాకా ఒకే వేడి పట్టాలి.

అల్యూమినియాన్ని 120 దాటనివ్వకండి. కాస్తో కూస్తో దాటితే కరిగిపోదు గానీ, 150 దాటి చాలాసేపు ఉంటే హీట్ ట్రీట్ చేసిన పోత బలం తగ్గుతుంది. గ్యాస్ టార్చ్ వద్దు. మంట తగిలినచోట 250, అవతలి వైపు 60 ఉంటుంది. బోరు గుండ్రం పోతుంది, పలచటి కవరు ఒంగిపోతుంది. మంట తప్పని పెద్ద పోత ఇనుప ముక్కకయితే మెత్తటి మంటని దూరంగా పట్టి, బోరు చుట్టూ బయటి వైపు నుంచి ఆగకుండా తిప్పుతూ నిదానంగా వేడి చెయ్యాలి.

ఓవెన్ లేకపోతే మరిగే నీళ్లు మంచి ఉపాయం. ముక్కని మునిగేలా ఉంచి అరగంట మరిగిస్తే అంతా ఒకే వేడికి వస్తుంది, వంద దాటే భయం లేదు. కోరాపుట్ ఊరు సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి, లెక్కలో ఆ మూడు డిగ్రీలూ తగ్గించుకోండి. బయటికి తీయగానే గుడ్డతో తుడిస్తే మిగిలిన తడి ఆ వేడికే ఆరిపోతుంది. పోత ఇనుము అయితే వెంటనే తుప్పు రంగు పట్టొచ్చు, బోరులో పలచగా నూనె గుడ్డ తిప్పండి.

వేడి ఎంతుందో చూడటానికి ఇన్‌ఫ్రారెడ్ గన్‌ని మెరిసే అల్యూమినియం మీద గురిపెడితే ఉన్నదాని కంటే బాగా తక్కువ చూపిస్తుంది. బోరు పక్కన నల్ల మార్కర్‌తో రూపాయి బిళ్లంత మచ్చ దట్టంగా పూసి దాని మీద చూడండి. థర్మోకపుల్ ఉంటే ఇంకా మంచిది. ఏదీ లేకపోతే నీటి చుక్క వేసి చూడొచ్చు. చుయ్యిమని వెంటనే ఆవిరైతే వంద దాటినట్టు. చుక్క గోలీలా దొర్లిందంటే బాగా మించిపోయింది, చల్లారనివ్వండి.

2ఆర్‌ఎస్ లాంటి రబ్బరు సీలు బేరింగ్ అయితే ఇంకో జాగ్రత్త. దింపాక హౌసింగ్‌లోని వేడంతా ఆ చిన్న బేరింగ్‌లోకి పాకుతుంది. ఆ సీలు రబ్బరు 100 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. అందుకని హౌసింగ్‌ని 90 నుంచి 100 దగ్గర ఆపి, తగ్గినదాన్ని చలితో పూడ్చుకోండి.

చల్లబరచడం

బేరింగ్‌ని దాని కాగితంతో సహా జిప్ కవరులో పెట్టి, గాలి బయటికి నొక్కి, మైనస్ 18 ఉన్న డీప్ ఫ్రీజర్‌లో రాత్రంతా ఉంచండి. ఇంటి ఫ్రిజ్‌లో ఐసు గది మైనస్ 8, 10 దగ్గరే ఉండొచ్చు, థర్మామీటర్ పెట్టి చూసి లెక్కలో ఆ అంకే వేయండి.

కరెంటు నమ్మకం లేని చోట చేపల ఐసు వాడొచ్చు. మూడు కిలోల నలగ్గొట్టిన ఐసుకి ఒక కిలో కల్లుప్పు కలిపి థర్మాకోల్ పెట్టెలో వేస్తే మైనస్ 18, 20 దగ్గరికి వస్తుంది. బేరింగ్‌కి రెండు కవర్లు వేసి, మూతి గట్టిగా కట్టి, గంటన్నర పూడ్చిపెట్టండి. ఉప్పునీళ్లు ఒక్క చుక్క లోపలికి పోయినా ఆ బేరింగ్‌ని మర్చిపోవడమే.

డ్రై ఐసు మైనస్ 78, ద్రవ నైట్రోజన్ మైనస్ 196. ఇవి కాంస్యం బుష్‌లకి, పెద్ద స్లీవ్‌లకి. బాల్ బేరింగ్‌ని అంత చలికి తెస్తే రబ్బరు సీలు, నైలాన్ కేజ్ పెళుసెక్కుతాయి, స్టీలు అణువుల అమరిక మారి సైజు తేడా రావచ్చు. మైనస్ 40 కిందకి తీసుకెళ్లొద్దు. డ్రై ఐసునీ, నైట్రోజన్‌నీ మూసిన గదిలో వాడితే ఊపిరాడదు, చేతికి పొడి తోలు గ్లవుజు లేకుండా ముట్టుకోకూడదు.

దించడం

హౌసింగ్‌ని బోరు పైకి చూసేలా, లెవెల్‌గా, కదలకుండా పెట్టే చోటు ముందే సిద్ధం చేసుకోండి. దాని పక్కన తోలు గ్లవుజులు, పొడి గుడ్డ, బయటి రేసు మీద మాత్రమే ఆనే పైపు ముక్క లేదా పాత బయటి రేసు, దాని మీద పెట్టడానికి రెండు మూడు కిలోల బరువు. పాత రేసుని వాడితే దాని బయటి వ్యాసాన్ని అర మిల్లీమీటరు గ్రైండ్ చేసి ఉంచుకోవాలి, లేకపోతే అది కూడా బోరులో ఇరుక్కుంటుంది.

ఒకసారి చల్లగా ఉన్న వస్తువులతోనే ఉత్తుత్తిగా చేసి చూడండి. ఎవరు ఓవెన్ తెరవాలి, ఎవరు కవరు చింపాలి, నంబరు వైపు పైకా కిందకా అన్నీ అప్పుడే తేలిపోవాలి. మిస్త్రీది తెలుగు, హెల్పర్‌ది ఒడియా అయిన షెడ్లలో ఏ మాటకి ఏం చెయ్యాలో కూడా ముందే అనుకోవడం మంచిది. అసలు పనికి ఉండే టైము కొన్ని సెకన్లే.

హౌసింగ్ బయటికి తీసి చోటులో పెట్టాకే బేరింగ్ కవరు చింపండి. మన వైపు వానాకాలం గాలికి చల్లటి బేరింగ్ మీద క్షణాల్లో తెల్లటి మంచు పొర పడుతుంది. ఆ పొరకీ మందం ఉంటుంది, గుడ్డతో ఒక్క తుడుపు తుడిచి వెంటనే వేయండి. రెండు చేతుల వేళ్లతో బయటి రేసుని పట్టి, బోరు మీద నిటారుగా తెచ్చి వదలండి. అడుగుకి తగిలిన ‘టక్’ శబ్దం స్పష్టంగా వినపడాలి.

ఇక్కడితో పని అయిపోయిందనుకుని వెళ్లిపోవడం వల్ల చాలా ఫిట్టింగులు చెడుతున్నాయి. హౌసింగ్ చల్లారుతూ బేరింగ్‌ని చుట్టూ పట్టేస్తుంది, ఆ పట్టే సమయంలో బేరింగ్ గట్టు నుంచి కొంచెం పైకి జరగొచ్చు. అందుకే దిగిన వెంటనే పైపు ముక్క పెట్టి, బరువు ఎక్కించి, ముక్క చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా కదపకండి. నీళ్లు పోసి చల్లార్చకూడదు. చల్లారాక గట్టు దగ్గర 0.03 మి.మీ. ఫీలర్ (సందు చూసే పలచటి రేకు) పెట్టి చూడండి, అది దూరితే బేరింగ్ కూర్చోలేదు. సర్‌క్లిప్ గాడిలోకి రాకపోయినా అదే జబ్బు. ముక్క పూర్తిగా చల్లారాక లోపల చేరిన తేమ కోసం ఓపెన్ బేరింగ్‌లో పలచటి నూనె వేసి తిప్పి, తుడిచి, గ్రీజు పెట్టండి.

సగంలో ఇరుక్కుంటే

వంకరగా పడి ఆగితే ఒక్కటే దారి. ముక్క ఇంకా వేడిగా ఉండగానే బోర్లించి చెక్క మీద తట్టి బేరింగ్‌ని బయటికి రానివ్వండి. రాకపోతే మొత్తాన్ని మళ్లీ ఓవెన్‌లో పెట్టండి, సీలు ఉంటే ఆ బేరింగ్ పోయినట్టే అనుకోండి. బేరింగ్ ఖర్చు వందల్లో, గీరుకుపోయిన కేసు ఖర్చు వేలల్లో. బయటికి వచ్చాక కొలతలు మళ్లీ తీసుకోండి. అన్నీ సరిగ్గా ఉంటే వేడి చాలలేదు, లేదా ఓవెన్ నుంచి బల్ల దాకా నడిచేసరికి చల్లారిపోయింది.

పాత బేరింగ్‌ని తీయడానికీ ఇదే దారి. సర్‌క్లిప్ తీసి, ముక్కని 110కి తెచ్చి, బోర్లించి చెక్క మీద తడితే అల్యూమినియం కేసుల్లోంచి చాలావరకు రాలిపోతుంది.

అరిగిపోయిన బోరు

బోరు లోపల సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టడం, కూల్‌డ్రింక్ డబ్బా రేకు చుట్టడం మన దగ్గర రోజూ జరిగేవే. చుక్కల కొనలు వారానికే అణిగిపోతాయి, రేకు ఒకవైపు నలిగి బేరింగ్‌ని పక్కకి నెడుతుంది. రాత్రికి మిల్లు తిరగాలంటే చేస్తారు, అర్థమవుతుంది, కానీ దాన్ని రిపేరు అనకూడదు.

సరైన పని స్లీవ్. బోరుని 6 నుంచి 8 మి.మీ. పెద్దది చేసి, 3, 4 మి.మీ. గోడ ఉండేలా పోత ఇనుముతో గానీ స్టీలుతో గానీ స్లీవ్ తిప్పండి. 60 మి.మీ. స్లీవ్‌కి అల్యూమినియంలో 60 మైక్రాన్ల టైటు పెట్టినా, 90 డిగ్రీల తేడాకి బోరు 124 తెరుచుకుంటుంది కాబట్టి ఫ్రీజర్ లేకుండానే జారిపోతుంది. లోపలి వ్యాసాన్ని మాత్రం ముందే ఫినిష్ చెయ్యకండి. కూర్చున్నాక స్లీవ్ ముడుచుకుంటుంది. ఒక మిల్లీమీటరు మిగిల్చి ఉంచి, చల్లారాక పాత సెంటరుకి డయల్ పెట్టి ఫైనల్ బోరు తీయాలి. అల్యూమినియం కేసు నడిచేటప్పుడు స్లీవ్‌ని కూడా వదులుతుంది కాబట్టి, కేసుకీ స్లీవ్‌కీ మధ్య అతుకు గీత మీద డ్రిల్ చేసి ఒక గ్రబ్ స్క్రూ వేయండి. రిటైనింగ్ కాంపౌండ్ (లోహపు ముక్కల్ని అతికించే జిగురు) పూయాలనుకుంటే చల్లటి, వదులు ఫిట్టులకే. వేడి ముక్కలో అది సగం దారిలోనే గడ్డకడుతుంది.

నడిపి చూడటం

చేత్తో తిప్పితే బేరింగ్ మెత్తగా, ఒకే తీరుగా తిరగాలి. అక్కడక్కడ అడ్డుపడితే ట్రాక్‌లో సొట్ట గానీ దుమ్ము గానీ ఉంది. చుట్టంతా బరువుగా తిరిగితే సందు అయిపోయింది, సీ3 వేయాలి లేదా బోరు టైటు తగ్గించాలి. లోడు లేకుండా అరగంట నడిపి హౌసింగ్ వేడి చూడండి. మొదట్లో గ్రీజు సర్దుకునేదాకా కొంచెం ఎక్కి తర్వాత తగ్గితే మామూలే. అరగంట దాటినా తగ్గకుండా ఎక్కుతూనే ఉంటే ఆపండి. నంబరు వైపు మార్కర్‌తో బయటి రేసు మీద నుంచి హౌసింగ్ మీదకి ఒక సన్నటి గీత గీసి ఉంచండి. వారం తర్వాత కవరు తీసినప్పుడు ఆ గీత రెండు ముక్కలుగా పక్కకి జరిగి కనిపిస్తే, బయటి రేసు బోరులో పాకుతున్నట్టే.